వాని పక్కన నిలబడొద్దు

నంద్యాల,
12 నవంబరు 2025, బుధవారం.

అత్తకు తిమోతి వందనాలు.

నువ్వు నాతో ఒక్క మాట చెప్పకుండా మొదటి బస్సుకు ఆళ్లగడ్డ వెళ్లిపోయావు. లేచి చూస్తే చాప చుట్టి గోడకు ఆనించి ఉంది, నువ్వు లేవు. ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ బస్టాండుకు పరిగెత్తాను. చివరికి ప్రమీలమ్మ టీచరు ఇక్కడి బడికి వచ్చాక ఆమెను అడిగితే, ఆళ్లగడ్డ బస్టాండులో ఆమె ఎక్కుతుంటే నువ్వు దిగావని తెలిసింది. "మీ అత్త ఏడ్చుకుంటా దిగింది తిమోతీ. వాడు ఎవర్నో సంపుతాండాడు, నేనా గదిలో పండుకోలేను అంటాది. ఏందప్పా నువ్వు చేసేది?" అని బడి గేటు దగ్గర పిల్లలందరి ముందు అడిగింది.

అత్తా, నేను ఎవరినీ చంపలేదు. నువ్వు చూసింది కంప్యూటరులో ఆడే ఆట. దానికి ఇంగ్లీషులో ఏదో పేరుంది, మేం మాత్రం గోదా అంటాం. పాత రోమా కాలంలో గుండ్రంగా మెట్లు కట్టి, మధ్యలో ఇసుక పోసి, మనుషులను కొట్లాడించేవాళ్లు కదా, అదే. నలుగురు స్నేహితులు ఒక జట్టు. ఎవరి ఊళ్లో వాళ్లు, ఎవరి గదిలో వాళ్లు కూర్చుని ఆడతారు. చెవులకు తగిలించుకున్న దానిలో మాట్లాడుకుంటారు. ఎదురుగా సింహాలు వస్తాయి, ముళ్ల చక్రాలు దొర్లుకుంటూ వస్తాయి, గదలు పట్టుకున్న మోటు మనుషులు వస్తారు. చిక్కేమిటంటే మా ఆయుధాలు మాకు కూడా తగులుతాయి. సింహాన్ని పొడవబోయి పక్కవాణ్ణి పొడుస్తాం. మొన్న మా జట్టులో అర్చన రథం తోలి మా ముగ్గురినీ తొక్కేసింది. అంతా గందరగోళం, ఆ గందరగోళమే సరదా. కిందపడ్డవాడు తనంతట లేవలేడు. జట్టులో ఒకడు వచ్చి పక్కన మోకరించి కాసేపు ఉంటేనే లేస్తాడు. అంతవరకూ సింహాలు ఊరుకోవు మరి.

నువ్వు చూసినప్పుడు నేను బల్లెంతో పొడిచింది జెస్సీని. జెస్సీ మా ఆసుపత్రిలో నర్సు, నేను పనిచేసే ల్యాబు పక్క వార్డే. మరునాడు వచ్చి "ఏం తిమోతీ, నడుములో పొడిచినావే, ఇంగా నొప్పి పోలేదు" అని నవ్వింది. అర్చన పాణ్యంలో బ్యాంకులో చేస్తుంది. నాలుగోవాడు ఓబులేషు, మీ ఆళ్లగడ్డవాడే. అర్చనతో పాలిటెక్నిక్ చదివాడు. నేనింకా మనిషిని చూడలేదు, గొంతు మాత్రమే తెలుసు. మంచివాడు.

ఈసారి వచ్చినప్పుడు చెప్పకుండా పోవద్దు.

నీ
తిమోతి

*

ఆళ్లగడ్డ,
15 నవంబరు, శనివారం.

తిమోతికి అత్త దీవెనలు. వేళకు అన్నం తింటున్నావని నేను అనుకోను, అందుకే అడగను.

నీ ఉత్తరం చదివాను. భయం పోలేదు, దాని రకం మారింది. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, రోమా గోదా అంటే ఏమిటో నువ్వు నాకు చెప్పనక్కర్లేదు. మన విశ్వాసులను సింహాలకు వేసిన చోటు అది. వాళ్లు పాటలు పాడుకుంటూ పోయారని సండే స్కూల్లో నీకు చెప్పింది నేనే. నువ్వు అప్పుడు నా కొంగు పట్టుకుని, సింహం ముందు తల తింటుందా కాళ్లు తింటుందా అని అడిగావు. ఆ చోట నలుగురు చేరి నవ్వుకుంటున్నారా? బట్టలు కూడా సరిగ్గా లేవు మీ బొమ్మలకు.

డాక్టరు ఇచ్చిన చెవి మిషను పెట్టుకుంటే ఈల వినిపిస్తోంది, మనుషులు వినిపించడం లేదు. తీసి డబ్బాలో పెట్టేశాను. కందిపొడి ప్రమీలమ్మ చేత పంపుతున్నాను. నూనె వేసుకుని తిను, పొడిపొడిగా మింగొద్దు.

నిన్న శుక్రవారం సాయంత్రం ఉపవాస కూడికలో నీ పేరు ప్రార్థన మనవిగా ఇచ్చాను. మన కూడికలో పద్ధతి నీకు తెలుసు. మనవి ఉన్నవాళ్లు లేచి నిలబడి అందరికీ వినపడేలా చెప్పాలి, విన్నవాళ్లు ఇళ్లకు పోయి వారమంతా ఆ మనవి కోసం ప్రార్థించాలి. నా గొంతు ఎంత గట్టిగా వస్తోందో నాకు తెలియదు కదా. సింహాల నోటి నుంచి నా మేనల్లుణ్ణి తప్పించమని చెప్పాను. నువ్వు అహోబిలం అడవిలో ఏదైనా ఉద్యోగంలో చేరావా అని ఇద్దరు ముగ్గురు ప్రమీలమ్మను అడిగారట.

ఒక మాట. ఈ ఓబులేషు ఎవరి పిల్లవాడు? ఈ ఊళ్లో వీధికో ఓబులేషు ఉంటాడు. వాడి తాత పేరు కనుక్కుని రాయి.

అత్త
ఎలిజబెత్

*

నంద్యాల,
17 నవంబరు, సోమవారం.

అత్తా, వందనాలు.

కందిపొడి అందింది. జెస్సీ సగం లాక్కుపోయింది. సింహాల సంగతి విని అర్చన నవ్వీ నవ్వీ ఆ రోజు ఆటలో రథం గోడకు కొట్టేసింది. నవ్వినందుకు కోప్పడొద్దు. విశ్వాసుల గురించి నువ్వు రాసింది నేను ఆలోచించాను. కానీ ఇందులో మేం సింహాలకు ఎవరినీ వేయం అత్తా. ఒకరినొకరు వాటి నోట్లోంచి లాక్కుంటాం.

ఓబులేషు తాత పేరు ఓబయ్య. ఆయన పేరే వీడికి పెట్టారట. మార్కెట్ యార్డు వెనక వీధిలో వాళ్లది వెల్డింగ్ షాపు. తండ్రి లేడు. చిన్నాయనలు ఇద్దరు కర్నూలులో ఉంటారు. షాపు వీడే చూసుకుంటున్నాడు. తాత కోపిష్టి మనిషి అని, ఎనిమిది గంటలకు అన్నానికి పిలిస్తే వెంటనే లేవాలని చెబుతుంటాడు. ఆట మధ్యలో "మా జేజినాయన పిలుస్తాండాడు, పోతాండా" అని గోదా మధ్యలో మమ్మల్ని వదిలేసి పోతాడు. వాడు లేకపోతే మేం ఓడిపోతాం. నన్ను కిందపడినప్పుడల్లా లేపేది వాడే.

నువ్వు అడిగినట్టే వాడూ నన్ను అడిగాడు, మీరు ఎవరి తాలూకు అని. జీపు డ్రైవరు ఫ్రాన్సిస్ కొడుకును, మా ఎలిజబెత్తు టీచరు పెంచింది అన్నాను. ఆ సాయంత్రం వాడు మళ్లీ నోరు తెరవలేదు. వాడి మనిషి గోదా మధ్యలో గొడ్డలి దించి ఊరికే నిలబడ్డాడు. సింహం వచ్చి పడేసింది. నేను లేపడానికి పోతే "వద్దులే అన్నా" అన్నాడు. తాత తిట్టాడేమో అనుకున్నాను. మరునాటి నుంచి మాత్రం నన్ను ఒక్క అడుగు వదలడం లేదు, ఎటు తిరిగినా నా వెనకే ఉంటున్నాడు.

వచ్చే ఆదివారం నంద్యాలకు వస్తానన్నాడు. నాతో ఏదో మాట్లాడాలంట, ఫోన్లో చెప్పేది కాదంట. నూనెపల్లెలో నా గది గుర్తులు చెప్పాను. ఆ రోజు కోడికూర వండుతాను. నీ పద్ధతిలో గసగసాలు ఎప్పుడు వేయాలో రాయి.

తిమోతి

*

ఆళ్లగడ్డ,
18 నవంబరు, మంగళవారం తెల్లవారుజామున.

తిమోతీ,

ఇది చదివాక పొయ్యిలో వెయ్యి. నీది గ్యాసు పొయ్యి అయినా సరే, కాల్చు.

మీ నాయనను చంపారని నీకు తెలుసు. ఎవరని చిన్నప్పుడు చాలాసార్లు అడిగావు, నేను చెప్పలేదు. పేరు తెలిస్తే నువ్వు ఆ పేరుతోనే పెరుగుతావని చెప్పలేదు. మీ అమ్మ పోయేముందు కూడా నాతో అదే మాట తీసుకుంది. ఇప్పుడు చెప్పక తప్పదు.

ఫ్రాన్సిస్‌కు ఎవరితోనూ పగ లేదు. జీపు తోలేవాడు, అంతే. పగ జీపు యజమానికీ అవతలి పక్షానికీ. నీకు నాలుగేళ్లప్పుడు అవుకు దారిలో జీపు ఆపారు. యజమాని ఆ రోజు అందులో లేడు. ఉన్నవాణ్ణి దించారు. పోలీసులు రాసిన కేసులో మొదటి పేరు ఓబయ్యది. మార్కెట్ యార్డు వెనక వీధి, ఆ ఓబయ్యే. సాక్షి అన్నవాడు ఒక్కడు కూడా కోర్టులో నోరు తెరవలేదు. కేసు కొట్టేశారు. ఆ తర్వాత నేను ఆ వీధిలో అడుగు పెట్టలేదు. కూరగాయలకు కూడా చుట్టు తిరిగి పోతాను.

నీ తండ్రి పేరు విని వాడు ఎందుకు నోరు మూసుకున్నాడో ఇప్పుడు అర్థమైందా? ఎటు తిరిగినా నా వెనకే ఉంటున్నాడని సంతోషంగా రాశావు. అది చదివి లేచి వీధి తలుపు గడియ వేసుకున్నాను. మీ నాయనకు కూడా ఆ రోజు వెనక సీట్లో ఒక స్నేహితుడు కూర్చున్నాడు. కాస్త ఆపు ఫ్రాన్సిస్, మూత్రానికి పోవాలి అన్నది వాడే.

వాని పక్కన నిలబడొద్దు. ఆ గోదాలో కూడా నిలబడొద్దు. ఆదివారం గదిలో ఉండొద్దు. తలుపు ఎవరు తట్టినా గొంతు గుర్తుపట్టాకే తియ్యి. ఈ సంగతి ఫోన్లలో పెట్టొద్దు, ప్రమీలమ్మ ఫోను వాళ్లింట్లో అందరి చేతుల్లో తిరుగుతుంది. కాగితం మీదే రాసి ఆమె చేతికే ఇవ్వు.

నాకు చాలా భయంగా ఉంది నాయనా. నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు.

అత్త

*

నంద్యాల,
19 నవంబరు, బుధవారం.

అత్తా,

రాత వంకరగా ఉంది, కోప్పడొద్దు. 

నీ ఉత్తరం మూడుసార్లు చదివి కాల్చేశాను. ఆట మానేద్దామనుకున్నాను. మానేస్తే నాకు తెలిసిపోయిందని వాడికి తెలుస్తుంది, అందుకని నిన్న సాయంత్రం కూడా ఆడాను. మామూలుగానే వాడు నా వెనక వచ్చి నిలబడ్డాడు. చేతిలో గొడ్డలి. అది బొమ్మ గొడ్డలని నాకు తెలుసు. అయినా దాని మీది నుంచి చూపు తిప్పుకోలేకపోయాను. ముందు నుంచి సింహం వస్తోంది, నేను దాన్ని చూడలేదు. వెనక్కి తిరిగి వాణ్ణి పొడిచాను. పడిపోయాడు. జెస్సీ, అర్చన పగలబడి నవ్వారు, ఎప్పటిలాగే పొరపాటున తగిలిందనుకుని. వాడు నవ్వలేదు.

"ఎందుకు పొడిస్తివన్నా? నేను నీ యెనకాల ఉండేది నిన్ను కాయడానికే గదా" అన్నాడు.

 నేను లేపలేదు. సింహం వాడి మీదికి వచ్చేదాకా అలాగే చూస్తూ ఉన్నాను. పోయేముందు "ఆదివారం వస్తాండా అన్నా, నేరుగా మాట్లాడాల" అన్నాడు. వాడి గొంతులో ఏముందో నాకు తెలియడం లేదు. ఇన్ని రోజులుగా ఆ గొంతు నాకు బాగా తెలుసనుకున్నాను.

ఈ రోజు ల్యాబు కిటికీ దగ్గరకు ఒకాయన వచ్చి "తిమోతి అంటే ఎవరు?" అన్నాడు. రక్తం సీసాలు చేతిలోంచి జారబోయాయి. తన షుగరు రిపోర్టు కోసం వచ్చాడు పాపం. సాయంత్రం గదికి వస్తుంటే వెనక ఒక బండి చాలా దూరం మెల్లగా వచ్చింది. రైల్వే గేటు దగ్గర అటు తిరిగిపోయింది. పోలీసుల దగ్గరకు పోదామంటే ఏమని చెప్పాలి? ఆటలో నా వెనక నిలబడుతున్నాడని చెప్పనా?

ఏం చేయమంటావో రాయి. నువ్వు చెప్పినట్టే చేస్తాను.

తిమోతి

*

ఆళ్లగడ్డ,
22 నవంబరు, శనివారం ఉదయం.

తిమోతీ,

ఇది అందగానే పాణ్యంలో జ్ఞానప్రకాశం మామ ఇంటికి పో. ఆయన ప్రమీలమ్మ బడిలోనే పనిచేస్తున్నాడు, ఆమె చెప్పి ఉంచింది. డ్యూటీకి అక్కడి నుంచే ఆయనతో కలిసి రా, ఆయనతోనే పో. ఉత్తరాలు కూడా ఆయన చేతికే ఇవ్వు.

ఇక నేను చేసిన పని చెబుతాను. నిన్న కూడికలో మళ్లీ లేచాను. రెండు రోజులుగా ముద్ద మింగుడు పడలేదు. మనవి దాచిపెట్టి ప్రార్థించమంటే ఎలా ప్రార్థిస్తారు అనిపించింది. "ఆదివారం నంద్యాలలో ఓబయ్య మనవడి చేతిలో నుంచి నా తిమోతిని తప్పించు ప్రభువా" అని పేర్లతో సహా చెప్పాను. నా గొంతు వీధి చివరికి వినిపించిందని ప్రమీలమ్మ ఇంటికి వచ్చాక కాగితం మీద రాసి చూపింది.

ఈ పొద్దున పాలకు పోయాను. పాలబూతు దగ్గర నిలబడితే ఆ వీధి మొదలు కనిపిస్తుంది. వెల్డింగ్ షాపు షట్టరు వేసి ఉంది. పాలు పోసే శాంతమ్మ నా చెవిలో నోరు పెట్టి అరిచింది. "మీవోడు నంద్యాల్లో ముగ్గుర్ని కూడగట్టుకున్యాడంట గదా అక్కా. దినామూ సాయంత్రం బల్లేలు, గొడ్డళ్లతో నేర్చుకుంటాండారంట. ఓబయ్య మనమణ్ణి ఆదివారం ఆడికి పిలిపిచ్చుకోని ఏసేస్తారంట." నేను ప్రార్థన అడిగిన మాటే రాత్రికి రాత్రి ఇలా తిరిగి నా దగ్గరకు వచ్చింది. అడవి ఉద్యోగమా అని అడిగినవాళ్లకు ప్రమీలమ్మ చెప్పిన నీ ఆట సంగతి కూడా అందులో కలిసిపోయింది.

దాచను, నాకు ఒక్క క్షణం సంతోషమైంది. ఓబయ్య ఇంట్లో తలుపులు మూసుకున్నారంటే, ఇన్నేళ్లకు వాళ్లు కూడా ఒక రాత్రి నాలాగా పడుకున్నారనిపించింది. పాల గిన్నె ఇంటికి తెచ్చేలోగా ఆ సంతోషం పోయింది. భయపడ్డవాళ్లు ఊరికే కూర్చోరు తిమోతీ. మనం వస్తామని వాళ్లనుకుంటే, ముందు వాళ్లే వస్తారు.

పాణ్యం పో. ఇంకేమీ ఆలోచించొద్దు.

అత్త

*

పాణ్యం,
24 నవంబరు, సోమవారం పొద్దున.

అత్తా, వందనాలు.

నేను పాణ్యంలో క్షేమంగానే ఉన్నాను. నిన్నంతా మామ నన్ను చర్చికి కూడా రానివ్వలేదు. వీధిలో బండి ఆగినప్పుడల్లా మామ, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఓబులేషు నంద్యాలకు రాలేదు. శనివారం నుంచి ఆటలోకి కూడా రావడం లేదట.

నిన్న సాయంత్రం అర్చన ఇక్కడికి వచ్చింది. ఓబులేషు వాళ్ల నాయనమ్మ ఫోను నుంచి దొంగతనంగా తనకు ఫోన్ చేశాడట. వాడు చెప్పిన మాటలు నాకు చెబుతుంటే అర్చనకు ఏడుపు ఆగలేదు. "నాకు మొన్నటిదాంకా తెల్దు. అన్న వాళ్ల నాయన పేరు చెప్పినాక జేజిని అడిగితి. జేజి చెప్పింది. అన్నను చూసి కాళ్లు పట్టుకుందామనే ఆదివారం వస్తానంటి, అంతే. శుక్రవారం రాత్రే నన్ను గదిలో పెట్టి గొళ్లెం ఏసినారు. చిన్నాయనలు కర్నూల్నుంచి వచ్చినారు. జేజినాయన కొడవలి ఒళ్లో పెట్టుకోని వాకిట్లోనే కూర్చోనుండాడు. అన్నను ఈ పక్కకు రావొద్దని చెప్పు. యా మొగోడు గడప తొక్కినా నరికేస్తారు." అంతే, ఫోన్ పెట్టేశాడట.

అత్తా, నేను వాణ్ణి పొడిచాను. పడిపోతే చూస్తూ ఊరుకున్నాను. వాడు నా వెనక ఎందుకు నిలబడ్డాడో వాడు చెప్పాడు, నేను నమ్మలేదు. ఇప్పుడు నా వల్ల వాడు గదిలో ఉన్నాడు. ఆ చిన్నాయనలు ఎన్నాళ్లు ఊరికే కూర్చుంటారు? ఈ రోజు కాకపోతే రేపు నంద్యాలకు బయల్దేరుతారు. ఎదురుపడి, నేను ఎవరినీ కూడగట్టలేదు, అది ఆట, నా చేతులు చూడండి అని చెబితే తప్ప ఇది ఆగదు.

బుధవారం మధ్యాహ్నం డ్యూటీ దిగగానే ఆళ్లగడ్డ బస్సు ఎక్కుతాను. నేరుగా వాళ్లింటికే పోతాను. మామకు చెప్పలేదు, చెబితే నన్ను కూడా గదిలో పెట్టి తాళం వేస్తాడు. నాకు భయం లేదనుకోవద్దు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి రాత్రంతా పట్టింది.

తిమోతి

*

ఆళ్లగడ్డ,
25 నవంబరు, మంగళవారం.

తిమోతీ,

నువ్వు బస్సు ఎక్కొద్దు. ముందు ఇది చదువు, మిగతాది తర్వాత చదువు. నేను పోయి వచ్చేశాను.

రేపు పొద్దున ప్రమీలమ్మ మొదటి బస్సుకే బయల్దేరి ఈ ఉత్తరం నీ ల్యాబులో నీ చేతికి ఇస్తుంది. నీది నిన్న సాయంత్రం చదివాను. మగవాడు గడప తొక్కితే నరుకుతారని ఆ పిల్లవాడే చెప్పాడు కదా. చెవిటి ముసలిది తొక్కితే ఏం చేస్తారో చూద్దామనుకున్నాను. ప్రమీలమ్మతో సెలవు పెట్టించి తోడు తీసుకుపోయాను. వాళ్లు అన్న మాటలు నాకు రాసి చూపడానికి ఆమె బడిపిల్లల పలక ఒకటి పట్టుకుంది.

ఆ వీధిలోకి తిరగగానే నా కాళ్లు ఆగిపోయాయి. ప్రమీలమ్మ వెనక్కి పోదామని చెయ్యి లాగింది. లాగేసరికి నాకు కోపం వచ్చి ముందుకు నడిచాను. తలుపు తట్టాను. ఆ పిల్లవాడి జేజి, ఓబయ్య భార్య, కొంచెంగా తీసింది. నన్ను గుర్తుపట్టింది. ముందు నా రెండు చేతులూ చూసింది, తర్వాత నా వెనక వీధంతా చూసింది.

లోపల ఓబయ్య మంచం మీద కూర్చున్నాడు. ఇన్నేళ్లు నేను మనసులో పెట్టుకుని భయపడ్డ మనిషి ఇతను కాదు. చొక్కా భుజాల మీద నిలవడం లేదు. ఒళ్లో కొడవలి ఉంది, దాని మీద చెయ్యి ఆగకుండా వణుకుతోంది. వెనక ఇద్దరు కొడుకులు నిలబడ్డారు. వాళ్ల చేతులు వణకడం లేదు. 

ఓబయ్య ఏదో అడిగాడు. ప్రమీలమ్మ పలక మీద రాసింది: "మీవోడు యాడుండాడు?"

"దాక్కోనుండాడు, నీకు భయపడి" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. ప్రమీలమ్మ రాసింది: "నాకా? మీవోనికి భయపడి నేనే ఈ తలుపు తీస్తాలేను."

అప్పుడు నీ ఆట గురించి చెప్పాను. నాకే సరిగ్గా తెలియదు, అయినా మూడో తరగతి పిల్లలకు చెప్పినట్టు చెప్పాను. బొమ్మ మనుషులు, బొమ్మ బల్లేలు, నలుగురు ఒక జట్టు అని. పెద్ద కొడుకు నవ్వాడు, ఆ నవ్వు నాకు నచ్చలేదు. "ఆటంట, సింహాలంట. ఎవురికి చెప్తాండావమ్మా?" అన్నాడని ప్రమీలమ్మ రాసింది. ఆమె రాస్తున్న సుద్దముక్క విరిగింది. ఇంతలో అందరూ లోపలి గది వైపు తిరిగారు. పిల్లవాడు లోపలి నుంచి తలుపు బాదుతున్నాడు, ఆ అదురు నా కాళ్లకు తెలిసింది. "ఆయమ్మ చెప్పేది నిజం" అని అరుస్తున్నాడట. జేజి ఎవరినీ అడగకుండా పోయి గొళ్లెం తీసింది.

సన్నగా ఉన్నాడు తిమోతీ. చేతుల నిండా నిప్పురవ్వలు పడిన మచ్చలు. నేరుగా నా వైపు వచ్చాడు, కొడుకులిద్దరూ కదిలారు. అయిపోయింది అనుకున్నాను. వాడు వచ్చి నా కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. పలక మీద మాట: "అన్న బాగుండాడా?" బాగున్నాడని తల ఊపాను. కొడుకులిద్దరూ ఆగిపోయారు.

అప్పుడు నేను అడిగాను. "ఓబయ్యా, మా ఫ్రాన్సిసు..." అన్నాను. ఆయన మనవడి వైపు చూశాడు, కొడవలి తీసి మంచం కింద పెట్టాడు. ప్రమీలమ్మ చిన్న అక్షరాలతో రాసింది: "ఆ పొద్దు నేనుండాను." నేను చదవగానే అరచేత్తో తుడిచేసింది. నేను అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఎవరు పట్టుకున్నారు, వాడు ఏమన్నాడు, నన్ను పిలిచాడా అని రాత్రుళ్లు నాలో నేనే అడుగుతూ వచ్చాను. కానీ ఆ ఇద్దరు కొడుకులు అక్కడ నిలబడి ఉన్నారు, నువ్వు ఇంకా బతికి ఉన్నావు. అడగలేదు.

తర్వాత ఆయన చాలాసేపు మాట్లాడాడు. పలక రెండుసార్లు నిండింది. "నేను ఊపిరితో ఉన్నన్నాళ్లు నీ పిల్లోని మీద చెయ్యి పడదు. నేను పోయినాక నా మాట చెల్లదు. ఈళ్లను నేను పట్టలేను." కొడుకుల ముందే అన్నాడు. వాళ్లు అవుననలేదు, కాదనలేదు. "పిల్లోళ్లు బయట కలవకూడదు. ఈడ వద్దు, నంద్యాల్లో వద్దు, దావలో వద్దు. ఇద్దర్నీ ఒకచోట చూసినోడు ఇంగో మాట పుట్టిస్తాడు. ఆ ఆటలో కలుసుకోనీ. ఆడ ఉండేది సింహాలే గదా."

నేను ఒప్పుకున్నాను. ఆ గోదాను తిట్టినదాన్ని నేనే, ఇప్పుడు అక్కడికే పొమ్మంటున్నాను. మీ ఇద్దరికీ ఇంకో చోటు లేదు. శుక్రవారం కూడికలో లేచి మనవి తీరిందని మాత్రం చెబుతాను, ఒక్క పేరు కూడా నా నోటి నుంచి రాదు.

ఇంటికి వచ్చి వాకిట్లోనే కూర్చుండిపోయాను. ప్రమీలమ్మ నీళ్లు ఇచ్చింది. అవి తాగి ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

అత్త

*

నంద్యాల,
15 డిసెంబరు, సోమవారం.

అత్తకు తిమోతి వందనాలు.

మూడు వారాలుగా రాయలేదు. రాయాలని కూర్చుంటే ఏం రాయాలో తెలియలేదు.

నా గదికి వచ్చేశాను. ఓబులేషుకు ఫోను ఇచ్చారు, షాపు తెరిచారు. వాడు తిరిగి వచ్చిన మొదటి సాయంత్రం ఇద్దరం గోదా మధ్యలో నిలబడ్డాం. పొడిచినందుకు క్షమించమన్నాను. "ఇడిసిపెట్టన్నా" అన్నాడు. తర్వాత వాళ్ల తాత గురించి ఏదో చెప్పబోయి ఏడ్చాడు. నేను కూడా ఏడ్చాను.  సింహాలు వస్తే జెస్సీ, అర్చనే చూసుకున్నారు.

వాడు ఉండేది నా గదికి గంట ప్రయాణంలో. వాడి మొహం నేను ఇంతవరకు చూడలేదు, ఇక చూడను కూడా. మొన్న ఆళ్లగడ్డ బస్సు పక్కనుంచి పోతుంటే అందులో వాడు ఉంటాడేమోనని మొహం తిప్పుకున్నాను. ఎవరైనా చూస్తారని భయం.

రోజూ ఆట మొదలయ్యే ముందు వాణ్ణి ఒక్కటే అడుగుతున్నాను, జేజినాయన ఎట్లున్నాడని. "బాగుండాడన్నా, సంగటి తిన్యాడు" అంటే ఆ రాత్రి నాకు నిద్ర పడుతుంది. ఆయనను ద్వేషించాలని చూశాను అత్తా. ఆ పొద్దు నేనుండాను అన్న మాట నువ్వు రాసినప్పటి నుంచి చూస్తున్నాను. కుదరడం లేదు. భయం ఇంకేదానికీ చోటు ఇవ్వడం లేదు.

నిన్న అడిగితే మాత్రం "దగ్గు పట్టుకునిందన్నా. మూడు నాళ్లాయె, మంచం దిగతాలేడు. డాక్టరు దగ్గరికి రాడు" అన్నాడు. చిన్నాయనలు మళ్లీ వచ్చారని కూడా చెప్పాడు. ఆ తర్వాత ఇద్దరం ఆడలేకపోయాం.

ఈ పొద్దున లేవగానే మోకరించాను. మా నాయన పోయిన రోజు అక్కడున్న మనిషి ఇంకా చాలా ఏళ్లు బతకాలని అడిగాను. ఇంత భయంతో నేను ఎవరి కోసమూ ప్రార్థించలేదు, అమ్మ కోసం కూడా. మా ఆసుపత్రి డాక్టరును అడిగి దగ్గు మందు, మాత్రలు ప్రమీలమ్మ టీచరు చేత పంపుతున్నాను. ఏది ఎప్పుడు వేసుకోవాలో తెలుగులో పెద్ద అక్షరాలతో రాశాను. నువ్వే తీసుకుపో అత్తా. నీ ముందే మింగాడో లేదో చూసి రా.

నీ
తిమోతి